మారికుప్పం దారిలో సరకు బండ్లు



కోలారు బంగారు గనులను గురించి ప్రసంగించేవారు బంగారంతో ఆరంభించి బంగారంతోనే ముగించడం పరిపాటి. ఈనాటి ప్రసంగానికి విషయం బంగారం కాదు. బంగారుపేట నుండి మారికుప్పం వరకు సాగే పది మైళ్ల రైలుమార్గం, ఆ మార్గం మీద ఒకప్పుడు దిగిన సరకు.

ముందుగా విద్యార్థుల కోసం ఒక చిన్న లెక్క. 1880 మొదలు 2001 వరకు ఈ గనులు ఇచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. పాతకాలపు నాలుగు చక్రాల సరకు పెట్టె ఒక్కొక్కటి 20 టన్నులు మోస్తుందనుకుంటే, ఆ బంగారమంతా 40 పెట్టెలలో ఇమిడిపోతుంది. నూట ఇరవై ఏండ్ల రాబడికి ఒక్క గూడ్సు బండి, అదీ ఒక్కసారి వచ్చిపోతే చాలునన్నమాట. మరి ప్రత్యేకంగా ఒక రైలుమార్గమే ఎందుకు వేశారు? బయటికి పోయేదాని కొరకు కాదు, లోపలికి రావలసినదాని కొరకు.

ఈ నేలలో బంగారం ఉన్నదని ఊరివారికి ఎప్పుడో తెలుసు. 1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ ఉరిగాం, మారికుప్పం ప్రాంతాలలో గ్రామస్థులు మట్టిని కడిగి బంగారు రేణువులు తీయడం కళ్లారా చూశాడు. 1875లో బెంగుళూరులో స్థిరపడిన మైఖేల్ లావెల్ అనే మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుండి త్రవ్వకానికి అనుమతి పొందాడు. చేతిలో తగినంత ధనం లేక ఆ హక్కును ఇతరులకు వదులుకొన్నాడు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగిన పిదపనే లోతు గనుల యుగం మొదలైనది.

లోతుకు పోవాలంటే యంత్రాలు కావాలి. రాయిని పైకి లాగే యంత్రాలు, నీటిని తోడే పంపులు, రాయిని పొడిచేసే ఇనుప రోకళ్లు, వీటన్నింటికీ ఆవిరినిచ్చే బాయిలర్లు. 1864లోనే మద్రాసు వైపు నుండి బెంగుళూరు దండు వరకు రైలుమార్గం పూర్తయినది గనుక, సరకు బౌరింగుపేట స్టేషను వరకు సులభంగానే వచ్చేది. అక్కడి నుండి గనుల వరకు ఎద్దుబండ్లే గతి. బాయిలరు వంటి బరువును ఎగుడుదిగుడు దారిలో పది మైళ్లు బండిమీద చేర్చడమెట్టిదో, వానకాలంలో బండి త్రోలిన రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడొక చిన్న ముచ్చట. 1862 నుండి 1870 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న లెవిన్ బౌరింగు పేరిట ఏర్పడినది బౌరింగుపేట. ఆ పరాయి పేరు జనం నోట నలిగి బంగారుపేట అయినది. పెట్టినవారు దొరను తలచారు, పలికినవారు బంగారాన్ని తలచారు. నిలిచినది పలికినవారి మాటే.

1894లో బౌరింగుపేట - మారికుప్పం మార్గం ప్రారంభమైనది. మైసూరు సంస్థానపు సొత్తుగా, పెద్ద గేజి పట్టాలతో వేసినందువలన, ప్రధాన మార్గం మీద వచ్చిన పెట్టె సరకు మార్చనవసరం లేకుండా నేరుగా గనుల ముంగిటికి చేరగలిగింది. కోరమాండల్, ఉరిగాం, ఛాంపియన్, మారికుప్పం అన్న ఈ స్టేషన్లు గనుల వెంట వరుసగా వెలిశాయి. ప్రయాణికులు వచ్చారు, పోయారు. కాని దారి పుట్టినది సరకు కొరకే. దిగుమతిలో రాతిబొగ్గుది పెద్ద పాలు. ఆవిరి యంత్రం పగలనక రాత్రనక బొగ్గు తింటుంది, ఒక్కనాడు ఆగితే గనిలో నీరు నిండుతుంది. దాని వెంట లోపలి కప్పులు కూలకుండా నిలబెట్టే కలప, ఉక్కు తాళ్లు, ప్రేలుడు మందు, సైనైడు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికే ముప్పైవేల మందికి పైగా పనిచేసిన చోటు కనుక తిండి గింజలు కూడా. ఉత్తర ఆర్కాడు, చిత్తూరు ప్రాంతాల నుండి వచ్చిన తమిళులు, తెలుగువారు ఈ రాతినేలపై కాపురాలు పెట్టారు. పెట్టెలోని సరకును వీపున మోసి దించిన హమాలీల పేర్లు ఏ వాటాదారుల నివేదికలోనూ కనిపించవు.

బొగ్గు ఖర్చు భరించరానిదైనప్పుడు మైసూరు సంస్థానం సాహసోపేతమైన ఆలోచన చేసింది. కావేరీ జలపాతం మీద శివసముద్రంలో విద్యుత్తు పుట్టించి, 92 మైళ్ల తీగ ద్వారా గనులకు పంపడం. 1902 జూన్ చివర ఆ విద్యుత్తు గనులను చేరినది. బెంగుళూరు వీధులలో దీపాలు వెలిగినది 1905లో. గనులకు మూడేండ్ల ముందే అందింది. పథకానికి పట్టుబట్టిన దివాను కె. శేషాద్రి అయ్యరు 1901 సెప్టెంబరులోనే కన్నుమూశారు. తీగ వచ్చిన పిదప, అంతవరకు బొగ్గు బండ్లు మోసిన భారంలో పెద్ద భాగం కంటికి కనబడకుండానే గనులకు రాసాగింది. రైలు సరకులో అంతటి మార్పు తెచ్చినది మరొక రైలు కాదు, ఒక రాగి తీగ.

తీసిన రాయి మాత్రం ఎన్నడూ బండి ఎక్కలేదు. సుమారు 5 కోట్ల 10 లక్షల టన్నుల రాయిని అక్కడికక్కడే పొడిచేసి, బంగారం తీసుకొని, మిగిలిన పిండిని గుట్టలుగా పోశారు. లాభం లండను వాటాదారులకు చేరినది. సైనైడు గుట్టలు ఇక్కడనే నిలిచాయి. గాలి వీచిన రోజున ఆ పొడి ఇండ్లలోకి, వంటపాత్రలలోకి వస్తున్నదని గనుల కాలనీల ఇల్లాండ్రు చెప్పే మాట చరిత్ర గ్రంథాలలోనూ ఉండవలసినదే.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకొన్నది. తరువాత అవి కేంద్రం చేతికి వెళ్లి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. లోతు పెరిగిన కొద్దీ వేడిమి పెరిగింది, ఖర్చు పెరిగింది, రాతిలో బంగారం పాలు తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. గనులకు సరకు దించే పని దానితో ముగిసినది.

పట్టాలు మాత్రం తీసివేయలేదు. ఆ ఊళ్లకు మిగిలిన ఆస్తులలో అతి విలువైనది బహుశా ఈ పది మైళ్ల దారియే. గనిలో దిగినవారి కుమారులు, మనుమలు తెల్లవారకముందే అన్నపు డబ్బాలతో మారికుప్పంలో బండి ఎక్కి బెంగుళూరుకు పనికి పోతారు, రాత్రికి తిరిగి వస్తారు. ఒకనాడు శ్రమ చేసేవారి కొరకు ఈ దారి సరకు తెచ్చింది. ఇప్పుడు శ్రమనే బయటికి మోసుకొని పోతున్నది. మారికుప్పంతో ఆగిపోయిన మార్గాన్ని చిత్తూరు జిల్లా కుప్పం వరకు పొడిగించే పని కూడా చేపట్టబడినది. తాతలు గనులలో పనికి నడచి వచ్చిన దిక్కు అదే.