సమాధి తోట: చట్టం, సంఘ ధర్మం

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠం)



నూరేళ్ల పండుగలో మందిరాలను గురించి, బడులను గురించి, ఆసుపత్రులను గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. సమాధి తోటను గురించి మాట్లాడమంటే ఎవరూ ముందుకు రారు. అయినా ఈ నూరేళ్ల పని చేసిన పెద్దలు ఇప్పుడు నిద్రిస్తున్నది అక్కడే గదా! అందుచేత ఈ అంశాన్ని మేము కాదనకుండా ఒప్పుకొన్నాము. సంఘాలు, కుటుంబాలు సొంతంగా నడుపుకొనే సమాధి తోటలలో భూస్థాపనకు ఏ నియమాలున్నాయి, వాటిని ఎందుకు పాటించాలి అన్నదే ఈ పూట మా మనవి.

బైబిలులో మొదట కనిపించే భూమి కొనుగోలు ఒక సమాధి స్థలం కోసమే జరిగింది. ఆదికాండము 23వ అధ్యాయం చూడండి. శారా 127 ఏళ్ల వయసులో హెబ్రోనులో మరణించింది. అబ్రాహాము ఆ దేశంలో పరదేశి. ఆరడుగుల నేల కూడా ఆయనకు లేదు. ఎఫ్రోను తన పొలాన్ని ఊరికే ఇస్తానన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. 400 తులాల వెండి తూచి ఇచ్చి, ఊరి గవిని దగ్గర హేతు కుమారుల ఎదుట మక్పేలా పొలాన్ని, గుహను, హద్దుల లోపలి చెట్లతో సహా స్వాధీనం చేసుకొన్నాడు. వెల ఉంది, హద్దులున్నాయి, సాక్షులున్నారు. స్థలం సొంతమే, కాని వ్యవహారం పదిమంది ఎదుట జరిగింది. సొంత సమాధి తోటకు కావలసిన నియమమంతా ఇందులోనే ఇమిడి ఉందని మాకు తోస్తుంది.

అటువంటి పరదేశి ఒకరు మన హైదరాబాదులోనూ ఉన్నారు. పాతబస్తీలో చార్మినార్‌కు ఆగ్నేయంగా మొఘల్‌పురా ఉంది. దానిని ఆనుకొని సుల్తాన్‌షాహీ వైపు దాయిరా మీర్ మోమిన్ అనే పెద్ద ఖబరస్తాన్ ఉంది. ఇరాన్‌లోని అస్తరాబాద్ నుండి వచ్చి, ముహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర పేష్వాగా పనిచేసిన మీర్ మోమిన్ దానిని ఏర్పాటు చేశారు. 1591లో పునాది పడిన ఈ నగరానికి నమూనా గీసినది కూడా ఆయనేనని చరిత్రకారులు చెబుతారు. కర్బలా మట్టిని తెప్పించి ఆ నేలలో కలిపించారని ప్రతీతి. 1625 ప్రాంతంలో ఆయన మరణించినప్పుడు ఆయననూ అక్కడే సమాధి చేశారు. 1883లో మరణించిన దివాన్ మొదటి సాలార్‌జంగ్ సమాధి అక్కడే ఉంది. 1968లో మన నగరంలో కన్నుమూసిన సంగీత విద్వాంసుడు బడే గులాం అలీఖాన్ సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన పుట్టింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కసూర్‌లో. పరదేశి ఏర్పాటు చేసిన తోటలో, మూడు శతాబ్దాలు దాటిన తరువాత కూడా, దూరం నుండి వచ్చినవారికి చోటు దొరికింది.

అది కార్పొరేషన్ శ్మశానం కాదు, వక్ఫ్ భూమి. వక్ఫ్ భూమిని చూసుకొనే ముతవల్లీ దానికి నిర్వాహకుడే గాని యజమాని కాడు. అమ్ముకొనే హక్కు ఆయనకు లేదు. మన సమాధి తోటల విషయమూ ఇంతే. కమిటీ వారి చేతిలో తాళం చెవి ఉన్నంత మాత్రాన నేల వారిది కాదు.

సమాధి స్థలాలు ముఖ్యంగా మూడు విధాలు. ఒకటి, పురపాలక సంఘం లేక గ్రామ పంచాయతీ నడిపేవి. రెండు, మన నారాయణగూడ తోటవలె, మీర్ మోమిన్ దాయిరావలె, ఒక సమాజానికి చెందినవి. మూడు, ఒక కుటుంబానికే పరిమితమైనవి. పిసల్ బండలోని పైగా వంశీయుల సమాధులు ఈ మూడవ విధానికి చక్కని ఉదాహరణ. రెండవ, మూడవ రకాలనే సొంత శ్మశానాలు అంటాము. ‘మా గోడ లోపల మా ఇష్టం’ అని చాలామంది అనుకొంటారు. చట్టం అలా అనుకోదు.

హైదరాబాదుకు 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలో మృతుల భూస్థాపన, దహనాలకు ప్రత్యేకమైన భాగమే ఉంది. దాని సారాంశం ఇది. కార్పొరేషన్‌ది కాని శ్మశానమైనా సరే, దాని యజమాని లేక నిర్వాహకుడు దానిని కార్పొరేషన్ వద్ద నమోదు చేయించాలి. అనుమతి లేకుండా కొత్త శ్మశానం తెరవరాదు. ప్రజల ఆరోగ్యానికి హాని అని తేలితే ప్రభుత్వం దానిని మూయించవచ్చు. మందిరం లోపల సమాధి చేయాలన్నా అనుమతి కావాలి. ఫలానా పెద్దాయన మందిరం కట్టించారు గనుక ఆయనను ఆవరణలోనే ఉంచుదామని అభిమానంతో తీర్మానం చేసే సంఘాలున్నాయి. అభిమానం మంచిదే, కాని అనుమతి ముందు, గొయ్యి తరువాత. పల్లెల్లో ఈ వ్యవహారం గ్రామ పంచాయతీ పరిధిలోకి వస్తుంది.

ఇక లోతు సంగతి. 1888 నాటి బొంబాయి కార్పొరేషన్ చట్టం, శవపేటిక పైభాగానికీ నేలమట్టానికీ మధ్య ఆరడుగుల లోతు ఉండాలని, ఒక సమాధి అంచుకూ మరొక సమాధికీ మధ్య రెండడుగుల ఎడం ఉండాలని చెబుతుంది. మృతదేహాన్ని ఇతరులకు ఇబ్బంది కలిగేంత కాలం ఇంట్లో ఉంచరాదని కూడా అంటుంది. మన హైదరాబాద్ చట్టం ఆ కోవలోనిదే. లోతు తక్కువైతే వానకు మట్టి కుంగుతుంది, కుక్కలు తవ్వుతాయి, దగ్గరి బావి నీరు చెడుతుంది. మన నేలలో మూడడుగులు తవ్వగానే బండ తగలడం మామూలే. గొయ్యి తవ్వేవారు అక్కడితో ఆపితే తప్పు వారిది కాదు. ముందురోజే మనిషిని పంపి నేల చూడని కమిటీది. అమెరికా నుండి కొడుకు రావాలని, గల్ఫ్ నుండి అల్లుడు రావాలని మనం నాలుగు రోజులు ఆగుతున్నాము. ఆగవలసి వస్తే దేహాన్ని ఆసుపత్రి శవాగారంలో ఉంచడమే పద్ధతి.

మూడవది రిజిస్టరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఇంట్లో మరణం జరిగితే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రి అధికారి తెలియజేయాలి. శ్మశానం యజమాని లేక కాపలాదారుకు కూడా ఆ చట్టం బాధ్యత పెట్టింది. ఈ సంగతి మన కమిటీలలో చాలామందికి తెలియదు. గడువు 21 రోజులు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవలసి ఉంటుంది. మరణ ధ్రువపత్రం లేక వితంతు పింఛను, భీమా సొమ్ము, పొలం పట్టా ఆగిపోయిన కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి. ఆ రోజు మన రిజిస్టరులో పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, తేదీ, వరుస సంఖ్య సరిగా రాసి ఉంటే ఆ కుటుంబానికి అదే ఆధారం. రాళ్లు చెరిగిపోతాయి, కాగితం నిలుస్తుంది. నిజాం రాజ్యంలోని సమాధుల మీది రాతలను క్రాఫ్టన్ అనే ఆయన 1941లో పుస్తకంగా అచ్చువేయించారు. ఆ విధంగా దొరల సమాధుల రాతలు భద్రమయ్యాయి. మన ఉపదేశకుల, బైబిలు స్త్రీల, కూలి తల్లుల పేర్లు ఎవరు భద్రపరచాలి? మనమే గదా!

నాలుగవది, అనుమానాస్పద మరణం. ప్రమాదం, ఆత్మహత్య, కాలిన గాయాలు, కారణం తెలియని మరణం అయితే పోలీసు వారి విచారణ, అవసరమైన చోట శవపరీక్ష పూర్తికాక ముందు పాస్టరు గారు భూస్థాపన జరిపించరాదు. పరువు పోతుందని తొందరపెట్టే బంధువులు ఉంటారు. ఆ తొందరలో న్యాయం కూడా మట్టిలో కలిసిపోవచ్చు.

ఐదవది, సమాధిని తిరిగి తెరవడం. అధికారుల అనుమతి లేకుండా అది చేయరాదు. 2022 సెప్టెంబరులో కాశ్మీరుకు చెందిన ఒక తండ్రి తన కుమారుని దేహాన్ని వెలికితీయించి ఇప్పించమని సుప్రీం కోర్టును అడిగాడు. ఒకసారి భూస్థాపన జరిగిన దేహం చట్టం రక్షణలో ఉంటుందని, న్యాయం కోసం తప్పనిసరి అయితే తప్ప దానిని కదిలించరాదని కోర్టు చెప్పింది. సమాధి దగ్గర ప్రార్థన చేసుకొనేందుకు కుటుంబానికి వీలు కల్పించింది. ఇతరుల మనసు నొప్పించే ఉద్దేశంతో శ్మశానంలో చొరబడడం, దానిని అపవిత్రం చేయడం నేరం. పాత శిక్షాస్మృతి 297వ సెక్షనులో ఉన్న ఈ నియమం 2024 జులై నుండి భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షనుగా కొనసాగుతున్నది. ఏడాది దాకా జైలు, జరిమానా పడవచ్చు.

ఇవన్నీ కాగితం మీది నియమాలు కావని చూపే సంగతి ఒకటి మన పొరుగునే జరిగింది. 2025 జనవరి 7న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో ఒక పాస్టరు మరణించారు. ఊరి శ్మశానంలో ఆయనను ఉంచడానికి గ్రామస్థులు ఒప్పుకోలేదు. సొంత పొలంలోనైనా ఉంచుకొంటామని కొడుకు ప్రాధేయపడ్డాడు. హైకోర్టులో అనుమతి దొరకలేదు. 20 రోజులు ఆ తండ్రి దేహం శవాగారంలోనే ఉంది. జనవరి 27న సుప్రీం కోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులిచ్చారు. సొంత పొలంలో ఉంచుకోవచ్చని జస్టిస్ నాగరత్న అన్నారు. నిర్ణయించిన క్రైస్తవ శ్మశానంలోనే ఉంచాలి, కోరిన చోటల్లా సమాధి చేసే హక్కు లేదని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. చివరకు దేహాన్ని ఇంకా నిలిపి ఉంచరాదని, ఇరువై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్ శ్మశానంలో పోలీసు రక్షణతో భూస్థాపన చేయించాలని ఇద్దరూ కలిసి ఆదేశించారు.

దీని నుండి మనం నేర్చుకోవలసినది ఏమిటి? సొంత పొలం ఉన్నంత మాత్రాన అది సమాధి స్థలం కాదు. నమోదైన స్థలం ముందుగా లేని సంఘం, మరణం వచ్చిన రోజున కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. మన పల్లె సంఘాలలో ఊరి చెరువు గట్టునో, వాగు ఒడ్డునో అలవాటుగా సమాధులు చేసుకొంటున్నవారు ఉన్నారు. ఇరుగుపొరుగు స్నేహంగా ఉన్నంత కాలం ఆ అలవాటు సాగుతుంది. స్నేహం చెడిన రోజున చూపించడానికి చేతిలో కాగితం ఉండాలి. ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నా అబ్రాహాము వెల చెల్లించింది అందుకే.

ఇంతవరకు బయటివారు మనకు అడ్డుపడే సంగతి చెప్పాము. మనవారికి మనమే అడ్డుపడే సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. కేరళలో సిరియను సంఘాల రెండు వర్గాల తగవు సమాధుల దాకా వెళ్లింది. చివరికి 2020లో ఆ రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసి, ఏ వర్గం వారైనా తమ పూర్వీకుల శ్మశానంలో భూస్థాపన పొందే హక్కు కల్పించవలసి వచ్చింది. తిరుచిరాపల్లి మేలపుదూర్‌లో ఒకే క్రైస్తవ శ్మశానం మధ్య కులం గోడ కట్టారు. చట్టసభ, పోలీసు వచ్చి మనకు ప్రేమ నేర్పవలసిన స్థితి రావడం ఏ సంఘానికీ గౌరవం కాదు.

మన దగ్గర అంత దూరం పోకపోయినా చిన్న గోడలున్నాయి. చందా బాకీ ఉందని గేటు తాళం తీయడానికి ఆలస్యం చేయడం ఒకటి. బాకీ బతికున్నవారితో తేల్చుకోవాలి. శవపేటికను వాకిట్లో నిలబెట్టి తేల్చుకోకూడదు. ఉన్నవారు పది చోట్లు రిజర్వు చేసుకొని పాలరాతి కట్టడాలు లేపుతుంటే, లేనివారికి మూల దొరకకపోవడం మరొకటి. సమాధి చోటుకు కట్టిన సొమ్ము భూస్థాపన హక్కు కోసమే గాని, నేల కొనుగోలు కోసం కాదు. ఆ రసీదును ఆస్తి దస్తావేజుగా భావించి ఇతరులకు అమ్మజూపడం కుదరదని పెద్దలు గట్టిగా చెప్పాలి.

కాబట్టి ఈ శతవార్షిక సంవత్సరంలో ప్రతి సంఘమూ నాలుగు పనులు పూర్తిచేయాలని మేము కోరుతున్నాము. మీ సమాధి తోట దస్తావేజు, సర్వే హద్దులు, నమోదు పత్రం ఎక్కడున్నాయో వెదికి, నకళ్లు డయోసీస్ కార్యాలయంలో ఇవ్వండి. పాత సమాధుల వరుసలను నడిచి చూసి రిజిస్టరు పూర్తిచేయండి. చదవడం వచ్చిన యౌవనస్థులకు ఇది చక్కని సేవ. రుసుము ఎంతో బోర్డు మీద రాసి పెట్టండి, చెల్లించలేనివారికి రుసుము లేదన్న మాట కూడా దానిమీదే రాయండి. చివరిది, ప్రతి తోటలోనూ కొంత నేలను దిక్కులేనివారికి, పని కోసం వచ్చి మన ఊళ్లో మరణించిన పరదేశులకు విడిచిపెట్టండి.

ఈ చివరి కోరికకు ఆధారం మనకు తెలియనిది కాదు. యూదా పారవేసిన ముప్పై వెండి నాణెములతో యాజకులు కుమ్మరివాని పొలం కొన్నది పరదేశులను పాతిపెట్టడానికే. మన ప్రభువు దేహం ఉంచబడినది కూడా ఆయన సొంత సమాధిలో కాదు. అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకొన్న కొత్త సమాధిని ఇచ్చాడు. ఇచ్చే ముందు పిలాతు దగ్గరకు వెళ్లి అనుమతి కూడా అడిగాడు. అనుమతి అడగడం చట్టం. తన చోటు ఇవ్వడం ధర్మం. యోసేపు రెండూ చేశాడు. మన సంఘాలూ ఆ రెండూ చేయాలని మనవి చేస్తూ సెలవు తీసుకొంటున్నాము.