చేతిఫోను – ధనవ్యవహారము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ధనము నొకచోటినుండి మరియొకచోటికి పంపుట లోకమున మిక్కిలి పాత సమస్య. మాట పంపుట సులభము. ధనము పంపుట కష్టము. కాళిదాసుని యక్షుడు మేఘముచేత ప్రియురాలికి సందేశము పంపగలిగెను గాని, ఇంటిఖర్చునకు పది వరహాలు పంపదలచియుండినచో ఆ మేఘము పనికివచ్చెడిది కాదు. రుక్మిణీదేవి అగ్నిద్యోతనుని నమ్మి సందేశము నప్పగించెను, కార్యము ఫలించెను. ధనము విషయమున నమ్మక మొక్కటియే చాలదు. లెక్క కావలయును, సాక్ష్యము కావలయును, చేరినట్లు రసీదు కావలయును. వర్తకుల హుండీలు, 1880లో ఈ దేశమున ఆరంభమైన తపాలా మనియార్డరు, బ్యాంకుల డ్రాఫ్టు, ఇవన్నియు ఆ మూడింటిని సమకూర్చుటకై పుట్టినవే. చేతిఫోను ద్వారా జరుగు బ్యాంకు వ్యవహారము ఈ వంశములోని కడగొట్టు బిడ్డ.

ఈ బిడ్డ బాగుగా పెరిగినది సంపన్నుల యింట గాదు; తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమున. అచ్చట దాని పేరు ఎం-పెసా. ‘ఎం’ అనగా మొబైలు. ‘పెసా’ అనగా స్వాహిలీ భాషలో డబ్బు. ఈ పెసా హిందూదేశపు పైసాయే. సముద్రముపై వర్తకము చేసిన భారతీయుల నాణెముతోబాటు ఆ మాటయు ఆ యొడ్డున దిగినది. 1920 వరకు ఆ సీమలో చెలామణి యైనదియు రూపాయియే. కావున పేరు వినినంతనే ఇది బొత్తిగా పరాయి సరకని తలపనక్కరలేదు.

కెన్యాలోని అనేక కుటుంబములు రెండు చోట్ల బ్రదుకునవి. తల్లిదండ్రులు, ఆలుబిడ్డలు, కొద్దిపాటి సేద్యము పల్లెలో; సంపాదించువాడు నైరోబీ నగరములో. నెల జీతము చేతికి వచ్చిన పిదప దానిలో కొంత ఇంటికి పంపవలయునన్నచో, బస్సు నడుపువాని చేతికో, ఊరికి పోవు బంధువు చేతికో ఇచ్చెడివారు. దారిలో దొంగలు దోచవచ్చును. తీసికొనిపోవువాడే వాడుకొనవచ్చును. బ్యాంకులు పట్టణములందే గాని పల్లెలందు లేవు. ఉన్నచోట పేదవాని చిన్న మొత్తములయందు వానికి ఆసక్తి లేదు. ఇటువంటి దేశమున కంచుబిళ్ళవలె ప్రతివాని చేతికిని చేరిన వస్తువు చేతిఫోను ఒక్కటియే.

2005లో వోడాఫోను సంస్థకు చెందిన నిక్ హ్యూస్, సూసీ లోనీ అనువారు, బ్రిటిషు ప్రభుత్వపు అభివృద్ధి శాఖవారు కొంత ధనసహాయము చేయగా, కెన్యాలోని సఫారికాం సంస్థతో కలిసి ఒక చిన్న పరీక్ష జరిపిరి. వారి మొదటి యుద్దేశము వేరు: చిన్న యప్పులు పుచ్చుకొన్నవారు వాయిదాలను ఫోను ద్వారా చెల్లింపగలరా యని చూచుటయే. జనులు దానినిచ్చిన పనికి మాత్రమే వాడలేదు. ఒకరికొకరు డబ్బు పంపుకొనసాగిరి. ప్రయాణమునకు ముందు ఒక ఊరిలో డబ్బు జమచేసి, దిగిన యూరిలో మరల తీసికొనసాగిరి. దారిలో జేబు ఖాళీ, దొంగకు నిరాశ. నిర్వాహకులు తమ పథకమును పట్టుకొని వ్రేలాడక, జనులు చూపిన దారినే నడచుట వారి వివేకము. 2007 మార్చిలో ఈ సేవ దేశమంతటను ప్రారంభమైనపుడు వాయిదాల మాట మూలబడి, ఇంటికి డబ్బు పంపుడను మాటయే ప్రకటనగా నిలిచినది.

ఈ యంత్రాంగము పనిచేయు తీరు లెక్కలు వ్రాయువారికి ముచ్చట గొల్పును. ఊరి కిరాణా దుకాణదారుడే ఏజెంటు. అతడు ముందుగా సొంత ధనమును బ్యాంకులో కట్టి, దానికి సరియైన మొత్తమును తన ఫోనులోని లెక్కలో పొంది యుండును. ఒక కూలివాడు వచ్చి గుర్తింపు కార్డు చూపి, వేయి షిల్లింగులు చేతికిచ్చును. దుకాణదారుడు తన ఫోనులెక్కనుండి వేయి షిల్లింగులను అతని లెక్కకు మార్చును. ఇద్దరి ఫోనులకును తత్‌క్షణమే సమాచారము వచ్చును. అంతటితో చాలదని దుకాణములో కాగితపు పుస్తక మొకటి యుంచిరి. అందు తేదీ, మొత్తము, ఫోను సంఖ్య, కార్డు సంఖ్య వ్రాసి వచ్చినవానిచే సంతకము చేయించెడివారు. అనగా గాలిలో నడచు వ్యవహారమునకును నేలమీద ఒక చిట్టా కలదన్నమాట. పిమ్మట ఆ కూలివాడు తన రహస్యసంఖ్యను నొక్కి ఆ ధనమును పల్లెలోని తల్లి ఫోనుకు పంపును. ఆమె తన యూరి ఏజెంటు కడకు పోయి రొక్కము పుచ్చుకొనును.

నిజముగా రొక్క మెక్కడ నున్నది? ఫోను సంస్థ దానిని తన వ్యాపారమునకు వాడుకొనుటకు వీలులేదు. జనుల ఫోనులెక్కల మొత్తమెంతయో అంత ధనము ధర్మకర్తల పేర బ్యాంకులలో నిలువయుండవలయునని నియమము. ఏనాడు తూచినను రెండు తట్టలును సమముగా నుండవలెను. సంస్థ దివాలా తీసినను ఆ ధనము దాని అప్పులవారికి చెందదు. ఈ యొక్క కట్టుబాటు లేకున్నచో తక్కిన నైపుణ్యమంతయు ఇసుకపై కట్టిన గోడయే.

దీనివలన పేదలకు కలిగిన మేలేమి? తవనీత్ సూరి, విలియం జాక్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి కెన్యా కుటుంబములను పరిశీలించిరి. 2014లో వారు ప్రకటించిన ఫలితము గమనింపదగినది. పంట పోవుట, రోగము వచ్చుట, పని పోవుట వంటి ఆపద కలిగినపుడు, ఈ సేవ లేని కుటుంబములు తమ అనుభోగమును సుమారు నూటికి ఏడు వంతులు తగ్గించుకొనవలసివచ్చెను. సేవ గలవారి జీవనము తగ్గలేదు. కారణము గూఢమేమియు గాదు. ఆపదలో నున్నవానికి దూరమునందున్న అన్నయు, బావయు, మిత్రుడును తలకొంత పంపగలిగిరి. పూర్వమును వారికి మనసు లేకపోలేదు. పంపు దారి లేదు. 2016లో వెలువరించిన మరియొక వ్యాసములో, ఈ సేవ వలన 1,94,000 కుటుంబములు, అనగా ఆ దేశపు కుటుంబములలో నూటికి రెండు, కడుపేదరికమునుండి బయటపడినవనియు, సుమారు 1,85,000 మంది స్త్రీలు సేద్యము విడిచి చిన్న వ్యాపారములలోనికి వచ్చిరనియు వారు అంచనా కట్టిరి. తన డబ్బు తన రహస్యసంఖ్య వెనుక నుండుట స్త్రీకి ఎంత బలమో వేరుగ చెప్పవలసిన పనిలేదు.

అయినను పూర్ణచంద్రునికిని మచ్చ యున్నది. 2012 నవంబరులో అదే ఫోనులో అప్పుల సేవ ఆరంభమైనది. పత్రము లేదు, జామీను లేదు, గడప దిగనక్కరలేదు. ముప్పది దినముల అప్పునకు నూటికి ఏడున్నర రుసుము. దానికి వడ్డీ యని పేరు పెట్టలేదు గాని, పల్లెటూరి లెక్కలో అది ఏడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి తొంబది. నూటికి రెండు రూపాయల వడ్డీకే నొసలు ముడిచెడు రైతు, ఫోను తెరపై రుసుమను మాట చూచి ఊరకుండును! పిమ్మట మరెందరో ఫోను అప్పుల వ్యాపారులు బయలుదేరగా, 2021లో ఆ దేశము వారికి కేంద్ర బ్యాంకు అనుమతి తప్పనిసరి చేయుచు శాసనము చేయవలసివచ్చినది.

ఎం-పెసా 2013లో భారతదేశమునకును వచ్చినది, నిలువలేదు, 2019లో మూతబడినది. ఈ దేశము వేరొక త్రోవ పట్టుటయే అందులకు ముఖ్యకారణము. కెన్యాలో ఫోనులెక్కయే సంచి. ఇచ్చట సంచి బ్యాంకుఖాతాయే. ఫోను దానికి తాళపుచెవి. 2008లో ఏర్పడిన జాతీయ చెల్లింపుల సంస్థ 2010లో ఒక బ్యాంకునుండి మరియొక బ్యాంకునకు తక్షణము ధనము మార్చు సేవను నెలకొల్పినది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ పథకము వెలసి కోట్లకొలది బీదలకు ఖాతాలు కలిగినవి. 2016 ఏప్రిలులో యూపీఐ ఆరంభమైనది. తెర లేని చిన్నఫోనువారికై నక్షత్రపు గుర్తుతో తొమ్మిది తొమ్మిది నొక్కు పద్ధతియు, 2022 మార్చిలో మాటలతో నడచు పద్ధతియు ఏర్పడినవి. నేడు కూరల బండివాడును అట్టముక్కపై నలుపుతెలుపు గడుల బొమ్మ అతికించుకొని, సొమ్ము పడినదని తెలుగులో పలుకు పెట్టెను ప్రక్కన పెట్టుకొనుచున్నాడు. ఒకని ఖాతాలో ఖర్చు, మరియొకని ఖాతాలో జమ, రెండును రెప్పపాటులో. బ్యాంకుల నడుమ మిగిలిన నికర బాకీ మాత్రము తరువాత రిజర్వు బ్యాంకులోని ఖాతాలలో తీరును.

ఇంతవరకు సంతోషమే. చిక్కంతయు ఆ రహస్యసంఖ్య కడ నున్నది. వేలిముద్ర ఎరువిచ్చుటకు వీలుగాదు, అంకెలు ఎరువీయవచ్చును. కెన్యాలో చదువురాని వృద్ధులు ఏజెంటు చేతికే ఫోనిచ్చి, సంఖ్యయు చెప్పెడివారు. ఇచ్చటను జరుగునది అదియే. ముదుసలి ఒకతె దుకాణము కడకు వచ్చి, “నాయనా, పింఛను పడినదేమో చూడు” అనును. “నంబరు చెప్పు, అవ్వా” అని ఆ కుర్రవాడనును. ఆమె పదిమంది వినునట్లు బిగ్గరగా చెప్పును. ఆ కుర్రవాడు సజ్జనుడే కావచ్చును. వాని వెనుక నిలిచినవా డెవడో? ఆ దినమున ఆమె ఖాతాకు తాళముండియు తలుపు తెరచియే యున్నది.

కౌటిల్యుడు రాజధనము నపహరించు మార్గములు 40 యని అర్థశాస్త్రమున లెక్కించెను. నేడాయన యున్నచో పట్టికను పెంచక తప్పెడిది కాదు. మోసగాడు ఫోనుచేసి, “మీకు డబ్బు రావలసియున్నది, మీ సంఖ్య నొక్కుడు” అనును. ఎదుటివాడు నొక్కును, వచ్చుటకు బదులు పోవును. యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య ఎన్నడును అక్కరలేదు, ఈయునపుడే కావలయును. ఈ యొక్క సంగతి తెలిసిన గృహస్థుని ఆ మార్గమున మోసగించుట కష్టము. వ్యక్తి వ్యక్తినుండి ఫోనులో సొమ్ము కోరు ఈ పద్ధతి ఎక్కువగా మోసములకు వాడబడుటచే, దానిని 2025 అక్టోబరు నుండి నిలిపివేసిరి. అయినను అంగడిలో మరియొకని గడులబొమ్మపై తన బొమ్మ అతికించువాడును, చెల్లించినట్లు దొంగపటము చూపువాడును ఉండనేయున్నారు. మొన్నటి దొంగకు కన్నపుకోల కావలసెను. నేటి దొంగకు తీయని మాట చాలును.

పోయిన సొమ్మునకు పూచీ ఎవరిదను ప్రశ్న కలదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వెలువరించిన ఆదేశములలో దీనిని విడదీసినది. ఖాతాదారుని తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేక, నడుమ వేరెవరి లోపముచేతనో సొమ్ము పోయినచో, సమాచారము అందిన మూడు పనిదినములలోపల బ్యాంకునకు తెలిపినవానికి నష్టము లేదు. ఆలసించిన కొలది భాగము పడును. తానే సంఖ్యను పరులకు చెప్పినచో, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము తనదే. 1930 అను ఫోను సంఖ్యకు వెంటనే తెలిపినచో సొమ్ము మోసగాని చేతినుండి జారకమునుపే ఆపుటకు అవకాశము కలదు. గంటలలో కాదు, నిముషములలో తేలవలసిన పని యిది. మూడు దినముల గడువనగా మూడవనాడు బయలుదేరవచ్చునని యర్థము గాదు.

సమాచారము అందిన నాటినుండి గడువు లెక్క. అందుట యననేమి? ఫోనునకు అందుటయే గాని, చదువరాని కంటికి అందుట గాదు. ఆ ముదుసలి ఫోనులో సమాచారము ఆదివారము నాడే చేరియుండును. మనుమడు పట్నమునుండి వచ్చి చదువునప్పటికి పక్షము గడచియుండును. పెక్కు సందేశములు ఆంగ్లమున వచ్చుట మరియొక యన్యాయము. సొమ్ము ఆమెది, ఖాతా ఆమెది, భాష మాత్రము ఆమెది గాదు. ప్రభుత్వమును, బ్యాంకులును దీనిని చిన్న లోపముగా నెంచుట తగదు. చదువలేని భాషలో ఇచ్చిన రసీదు, ఇచ్చినవానికి సాక్ష్యమే గాని పుచ్చుకొన్నవానికి గాదు.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ కూడిననాటినుండి ఈ భూమిలో గ్రంథాలయములు పుస్తకముల నిచ్చుటతో తృప్తి చెందలేదు. చదువురానివారికి పత్రికలు చదివి వినిపించినవి, రాత్రిబడులు నడిపినవి, దూరదేశములనుండి వచ్చిన జాబులు చదివిపెట్టి, బదులు వ్రాసిపెట్టినవి. ఆ జాబులు నేడు ఫోనులోనికి వచ్చి చేరినవి. వారమున కొకనాటి సాయంకాలము ఈ మందిరపు అరుగుపై చదువుకొన్న యువకు లిద్దరు కూర్చుండి, వచ్చినవారి సందేశములను చదివి చెప్పుట పెద్ద ఖర్చు గల పని గాదు. నియమములు రెండే: ఫోను యజమాని చేతిలోనే యుండవలయును, రహస్యసంఖ్య చెప్పబోయినచో వినక ముఖము త్రిప్పుకొనవలయును. బ్యాంకు సందేశములో చూడవలసినవి అయిదు: జమయా ఖర్చా, ఎంత, ఎవరికి, ఏనాడు, మిగిలిన నిలువ యెంత. ఈ యైదింటిని పెద్ద యక్షరములతో తెలుగున వ్రాయించి, మాదిరి సందేశ మొకటి, 1930 సంఖ్యతో సహా, పత్రికల బల్లకు ఎదుటి గోడపై వ్రేలాడదీసినచో, పత్రిక చదువ వచ్చినవాడును, చదివించుకొన వచ్చినవాడును దానిని చూతురు. పలక సిద్ధముగా నున్నది. మేకు కొట్టుటయే తరువాయి.