కంబళి పురుగును గుంపులో ఉన్నప్పుడే పట్టండి

సాయంత్రం దీపం పెట్టగానే షెడ్డు గోడమీద వచ్చి వాలే ఒక రెక్కల పురుగును మీలో చాలామంది చూసే ఉంటారు. రెక్కలు లేత గోధుమరంగు, వాటిపై చిన్న నల్లచుక్కలు. రెక్క ఎత్తి చూస్తే పొట్ట కుంకుమలా ఎర్రగా, దానిమీద వరుసగా నల్లచుక్కలు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మనం కంబళి పురుగు అని పిలిచేది దీని పిల్లనే.

మన పట్టుచిలుక ఎగరలేదు, మనం ఉంచిన చోటే గుడ్లు పెడుతుంది. ఇది రాత్రిపూట ఎగిరివచ్చి మల్బరీ ఆకు అడుగున లేత ఆకుపచ్చ గుడ్లను గుంపుగా పెడుతుంది. ఒక్క తల్లి వందల గుడ్లు, ఒక్కొక్కప్పుడు వేయి వరకు పెట్టగలదు. 5 నుండి 7 రోజుల్లో అవి పగులుతాయి. పట్టుపురుగులాగే ఇదీ జ్వరాలు దాటుతూ పెరుగుతుంది. మొదటి రెండు జ్వరాల వరకు పిల్లలన్నీ గుంపుగా ఉండి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. ఆకు జల్లెడలా తెల్లబడుతుంది. తరువాత తోటంతా చెదిరిపోయి, ఈనెలు తప్ప ఏమీ మిగల్చవు. సుమారు 4 వారాలు తిని, నేలలోనో రాలిన ఆకుల కిందనో తన వెంట్రుకలతో పలుచని గూడు కట్టుకుంటుంది. ఒకటి రెండు వారాల్లో మళ్ళీ రెక్కల పురుగై వస్తుంది.

పట్టుపురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదవ దశలోనే తింటుంది. ఆ రోజుల్లో ఆకు చాలకపోతే గూడు పలుచబడి, మార్కెట్టులో ధర పడిపోతుంది. కంగారుపడి మందు చల్లితే, ఆ ఆకు తిన్న పట్టుపురుగులే చస్తాయి. మునుపు సిఫారసు చేసిన డైక్లోర్వాస్ 2020 డిసెంబరు 31 నుండి మన దేశంలో నిషేధింపబడింది. పాత సీసా ఇంట్లో ఉన్నా వాడకండి.

కనుక ఇలా చేయండి:

1. వారానికి రెండుసార్లు తోటలో తిరిగి ఆకుల అడుగు భాగం చూడండి.
2. గుడ్లు గాని, పిల్లల గుంపు గాని కనబడితే ఆ ఆకును తుంచి సబ్బునీటి బకెట్టులో ముంచండి. లీటరు నీటికి 5 గ్రాముల సబ్బుపొడి చాలు.
3. పెద్ద పురుగులను వట్టి చేత్తో పట్టకండి; వెంట్రుకలు తగిలితే దురద, మంట.
4. కొమ్మలు కత్తిరించాక సాళ్ళ మధ్య లోతుగా తవ్వి, నీరు నిండుగా పెట్టండి. నేలలోని గూళ్ళు నశిస్తాయి.
5. రాత్రి దీపపు ఎర పెట్టి తల్లి పురుగులను పట్టండి.

ఈరోజు తుంచిన ఒక్క ఆకు, నెల తిరిగేసరికి మీ తోటనే కాపాడుతుంది. పొరుగు రైతుకు కూడా చెప్పండి. ఈ పురుగుకు గట్టు అడ్డం కాదు.