పల్లె పిల్లలు – సంగీత విద్య
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రెండు దినములుగ ఈ శిబిరమున మీరు మంచినీటి గొట్టములను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, ఇంటి పన్ను వసూళ్ళను గూర్చియు వినియున్నారు. వాని నడుమ సంగీతమును గూర్చిన ప్రసంగ మనినచో కొందరికి చిరునవ్వు కలుగుట సహజమే. మేము సంగీత విద్వాంసులము కాము. తాళము తప్పకుండ భజనలో కూర్చుండుట మాత్రమే మాకు వచ్చిన విద్య. రెండు పర్యాయములు పంచాయతీ సభ్యులముగ పనిచేసి, ఈ విషయమున ఒక మంచి పని తలపెట్టి చెడగొట్టితిమి. ఆ చెడిన తీరును చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచినాము.

ఇరువది సంవత్సరముల క్రిందట మా గ్రామమున ఒక దాత ఇచ్చిన విరాళముతో బడి పిల్లల కొరకు ఒక హార్మోనియము, ఒక తబలా జత, రెండు వయొలినులు కొంటిమి. కొబ్బరికాయ కొట్టితిమి, ఛాయాచిత్రములు తీయించుకొంటిమి. పట్టణము నుండి శని, ఆదివారములలో ఒక సంగీతోపాధ్యాయుడు వచ్చి పాఠము చెప్పునట్లు ఏర్పాటు జరిగినది. పదునలుగురు పిల్లలు చేరిరి. ఏడాది తిరుగునప్పటికి ముగ్గురు మిగిలిరి. మరుసటి యేడు ఒక్కరును లేరు. హార్మోనియమును కార్యాలయపు బీరువాలో పెట్టి తాళము వేసితిమి. ఎలుకలు దాని తిత్తిని కొరికివేసినవి.

పిల్లలకు శ్రద్ధ లేదని మేమందరమును తీర్మానించుకొంటిమి. అట్లు తీర్మానించుకొనుట మిక్కిలి సులభము. చాల కాలమునకు గాని ఒక్కొక్క పిల్లవానిని పిలిచి ఎందుకు మానితివని అడుగు బుద్ధి మాకు పుట్టలేదు.

ఒక బాలిక తొమ్మిదేండ్లది. ఆమెకిచ్చిన వయొలిను పెద్దవారు వాయించు కొలత గలది. ఉపాధ్యాయుడు ఆనాడే చెప్పెను. "ఎదుగు పిల్లకు చొక్కా కాస్త వదులుగ కుట్టించినట్లే, రెండేండ్లలో అదియే సరిపోవును" అని మేము పొదుపు లెక్క చెప్పితిమి. చొక్కా వదులైనచో పిల్లకు నొప్పి కలుగదు. వాద్యము పెద్దదైనచో ఎడమచేయి సాగిసాగి, మెడ బిగిసి, వ్రేళ్ళు స్వరస్థానమునకు అందక, ఎంత కష్టపడినను అపస్వరమే పలుకును. తన చెవియే మంచిది కాదని ఆ పిల్ల నమ్మినది. మా పొదుపు ఆమెకు నేర్పిన పాఠము అదియే.

వయొలినులలో పావు, అర, ముప్పావు, పూర్తి అను కొలతలు కలవు. మన పద్ధతిలో నేలపై కూర్చుండి, వాద్యపు తలను కుడి పాదముపై ఆనించి వాయింతురు. అట్లు కూర్చుండబెట్టి చూచినపుడు, ఎడమ మోచేయి కొంచెము వంగియుండగనే వ్రేళ్ళు మెడ చివరకు హాయిగ చేరవలెను. చేయి కఱ్ఱవలె చాచవలసి వచ్చినచో ఆ కొలత ఆ బిడ్డకు తగదు. బిడ్డ పెరిగిన కొలది వాద్యము మారవలసి వచ్చును గనుక, పేద తలిదండ్రులు మూడు మార్లు కొనజాలరు. గ్రంథాలయము పుస్తకముల నిచ్చునట్లు పంచాయతీ వాద్యముల నిచ్చుట ఇందుకే అవసరము. పేరు వ్రాసి ఇచ్చుట, పెరిగిన బిడ్డ తిరిగి ఇచ్చినపుడు తరువాతి బిడ్డకు అందించుట, ఇంతకు మించి ఇందు పెద్ద యంత్రాంగము లేదు. రాజ్యాంగమునకు 73వ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. వానిలో 20వది గ్రంథాలయములు, 21వది సాంస్కృతిక కార్యక్రమములు. కావున ఇది మన పని కాదని ఎవరును అనజాలరు.

వాద్యమును కొనుటతో ఖర్చు తీరదు. వయొలినుకు తంత్రులు తెగును. మృదంగమునకు మూతలు మార్పించవలెను, వార్లు బిగించవలెను. నాదస్వరమునకు పీకలు కావలెను. మేము కొన్నవానికి మరమ్మతు పద్దు క్రింద ఒక్క రూపాయి కూడ వ్రాసియుండలేదు. బోరింగునకు మరమ్మతు పద్దు వ్రాయుదుము, వాద్యమునకు వ్రాయము!

ఏ బిడ్డకు ఏ వాద్యమని మీరడుగవచ్చును. మొదట గొంతు. తన గొంతున పలుకని స్వరమును చేతితో పలికించుట కష్టము గనుక, ఏ వాద్యము నేర్వదలచినను కొంతకాలము పాడించుట మేలు. ఖర్చు తక్కువలో వేణువు దొరకును గాని, రంధ్రముల దూరము బిడ్డ వ్రేళ్ళకు అందునదిగ, శ్రుతి సరియైనదిగ ఉపాధ్యాయుని చేత చూపించి కొనవలెను. తిరునాళ్ళ అంగడిలోని పిల్లనగ్రోవి ఆటకు సరిపోవును, పాఠమునకు సరిపోదు. వీణ పెద్ద వాద్యము. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి వీణ చేయు శిల్పులు కలరు. దాని 24 మెట్లును మైనముపై అమర్చబడి యుండును గనుక, రేకుల కప్పు క్రింద ఎండవేడికి వదలినచో మెట్లు కదలి శ్రుతి చెడును. అట్టి వాద్యమును కొనుటకు ముందు దానిని భద్రపరచు గదిని చూచుకొనవలెను. మృదంగము వాయించు బిడ్డకు వ్రేళ్ళ బలముతో పాటు లెక్కయందు ఆసక్తి యుండిన మంచిది. తక్కినది ఆ బిడ్డ చెవిని విన్న గురువు చెప్పవలసిన మాట. సర్పంచి గారి మేనల్లుడు తబలా వాయించును గనుక అందరును తబలాయే నేర్వవలెనను పద్ధతి మంచిది కాదు. (మా గ్రామమున తబలా జత వచ్చిన కారణము అట్టిదే.)

రెండవ పిల్లవాడు వేరొక కారణము చెప్పెను. ఇంటిలో సాధన చేయుటకు తావు లేదు. ఒకటే గది, తండ్రి మిల్లులో రాత్రి పని చేసి పగలు నిద్రించును. వచ్చిన చుట్టములు "ఏదీ, ఒక పాట పాడుము" అందురు. వానికి వచ్చినవి సరళీ స్వరములు మాత్రమే. అవి పాడగ వారు నవ్విరి.

ఈ మొదటి సంవత్సరమును గూర్చి సభ్యులు తప్పక తెలిసికొనవలెను. సరళీ స్వరములు, జంట స్వరములు, ఏడు తాళములలో అలంకారములు, పిదప గీతములు, స్వరజతి, వర్ణము, ఆ తరువాతనే కృతులు. మొదటి పాఠములన్నియు మాయామాళవగౌళ రాగముననే నడచును. ఒకే వరుసను మూడు కాలములలో పాడవలెను. గోడకు పునాది త్రవ్వినట్లు, పైకి కనబడునది ఏమియు నుండదు. పిల్లలు మానివేయునది ఈ పునాది దశయందే. అప్పుడు వారికి కావలసినది పొగడ్త కాదు. దినమునకు అరగంట నెమ్మదియైన చోటు, పాట పాడుమనక "నేడు ఏ అలంకారము వచ్చినది?" అని అడుగు పెద్దవారు ఒకరిద్దరు. వారమునకొకమారు రెండు గంటల సాధన కంటె దినదినము అరగంట మేలని ఉపాధ్యాయులందరును చెప్పుదురు. బడి విడిచిన తరువాత ఒక తరగతి గది, లేదా పంచాయతీ కార్యాలయపు వసారా తెరచి యుంచుటకు తీర్మానమొకటి చాలును. బాలికలు చీకటి పడకముందే ఇల్లు చేరునట్లు వేళ నిర్ణయించవలెను. వేళ కుదరక మానిన బాలికలను కూడ మేము శ్రద్ధ లేనివారి జాబితాలోనే వ్రాసికొంటిమి.

నేడు శ్రుతి కొరకు తంబురాయే ఉండవలెనను నిర్బంధము లేదు. విద్యుత్తు శ్రుతిపెట్టె దొరకును, చేతి ఫోనులోనే శ్రుతి పెట్టుకొనవచ్చును. దూరమున నున్న గురువు ఫోను తెరపై పాఠము చెప్పుటయు జరుగుచున్నది. పునాది పడిన బిడ్డకు ఇది గొప్ప వసతి. కాని కమాను పట్టిన చేతిని సరిదిద్దవలసిన మొదటి సంవత్సరమున గురువు ఎదుట కూర్చుండుటకు అది బదులు కాదని మా అభిప్రాయము.

ఇక మూడవ పిల్లవాని సంగతి. ఇది చెప్పుట మాకు కష్టము. వాడు మా ఊరి డోలు వాయించు ఇంటి బిడ్డ, అప్పటికి పండ్రెండేండ్లవాడు. పదునలుగురిలో లయజ్ఞానము వానికే ఎక్కువ యని ఉపాధ్యాయుడు చెప్పెను. తోటి పిల్లలు "నీకు నేర్పునదేమున్నది, అది మీ కులవృత్తియే గదా" అని ఎగతాళి చేసిరి. వాడు మూడవ వారమున మానివేసెను. పిల్లలు ఆ మాటను ఎక్కడ నేర్చిరి? మన పెండ్లి పందిళ్ళలో నేర్చిరి. అక్కడ మేళమువారు ఒక మూల చాపపై కూర్చుందురు. వ్రేలు చూపినపుడు గట్టిమేళము వాయింతురు. చివరి పంక్తిలో భోంతురు. సొమ్ము కొరకు మరునాడు మరల వచ్చి వాకిట నిలుతురు. ఆ తండ్రి వాకిట నిలుచుటను చూచిన బిడ్డకు ఆ వాద్యముపై గౌరవము ఎట్లు కలుగును?

ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా గారు నాదస్వరము వాయించు కుటుంబమునకు చెందినవారు. చిలకలూరిపేటలో నేర్చి, పిదప తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ పొందిరి. వారి శిష్యులైన కాలేషాబి మహబూబ్, షేక్ మహబూబ్ సుబానీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ముస్లిముల ఇంట పుట్టినవారు దేవాలయ వాద్యమున, ఒక స్త్రీ పురుషుల వాద్యమనుకొన్న నాదస్వరమున ఇంతటి పేరు గడించిరి. ఏ వాద్యము ఎవరిదో పుట్టుకనుబట్టి నిర్ణయించు మన అలవాటునకు ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు. ఉత్సవ సంఘములలో మనమే ఉన్నాము గనుక, మేళమువారికి వేదికపై ఆసనము, ఆనాడే సొమ్ము అను రెండు నియమములు వ్రాయుట మన చేతిలోని పని.

పై చదువుల మాట. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లెలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు సంగీతము నేర్వవలెనను కోరికతో బంగారు ఉంగరమును అమ్ముకొని విజయనగరము చేరిరి. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి విద్య చెప్పిరి. ఇంటింట మాధుకరమెత్తి భోంచేయుచు ఆయన చదివిరి. ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ బాలుని ఊరివారమై యుండినచో మనమేమి చేసియుందుమని మాత్రము ఆలోచింపము.

నేడు బిడ్డ ఉంగరము అమ్ముకొనవలసిన పని లేదు. విజయనగరమున 1919లో మహారాజు స్థాపించగ ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులైన సంగీత కళాశాల నేటికిని నడచుచున్నది. చూపు మందగించి బడి చదువు సాగని ద్వారం వేంకటస్వామినాయుడు గారు వయొలిను ఆచార్యులై, 1936లో అధ్యక్షులైనది అక్కడనే. విజయవాడ, కర్నూలు, హైదరాబాదు, వరంగల్లు మున్నగు పట్టణములలోను ప్రభుత్వ సంగీత కళాశాలలు కలవు. వానిలో నాలుగేండ్ల సర్టిఫికెట్, ఆపై రెండేండ్ల డిప్లొమా చదువవచ్చును. తిరుపతిలో దేవస్థానము వారు సంగీత కళాశాలతో పాటు నాదస్వరము, డోలు నేర్పు పాఠశాలను ప్రత్యేకముగ నడపుచున్నారు. ఇంకను పైకి పోగోరు వారికి విశ్వవిద్యాలయములలో సంగీత శాఖలు కలవు.

సంగీతమే జీవనాధారము కాగలదని ప్రతి తల్లికిని మాట ఇచ్చుట మోసము. బడి చదువు మాన్పించరాదు. శ్రీపాద పినాకపాణి గారు వైద్యాచార్యులుగ ఉద్యోగము చేయుచునే నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి గాయకులను తీర్చిదిద్దిరి. రెండు చదువులును ఒకే ఇంట నిలువగలవు.

కేంద్ర సాంస్కృతిక శాఖకు చెందిన సి.సి.ఆర్.టి. అను సంస్థ 10 నుండి 14 సంవత్సరముల పిల్లలకు కళాభ్యాసము కొరకు ఉపకారవేతనముల నిచ్చును. వంశపారంపర్యముగ కళావృత్తిలో నున్న కుటుంబముల బిడ్డలకు కొన్ని ప్రత్యేకించబడి యుండును. ఈ సంగతి మాకు తెలిసిననాడు మేము నేరుగ ఆ డోలు వాయించు ఇంటికి పోతిమి. తండ్రి లోపలికి పోయి బిడ్డ జనన ధ్రువపత్రమును తెచ్చి చూపెను. వానికి అప్పటికి పదునైదవ యేడు నడచుచున్నది. "ఒక్క యేడాది ముందు చెప్పియుంటే బాగుండెను గదయ్యా" అని మాత్రము ఆయన అనెను.

ఆ పిల్లవాడు నేడు పట్టణమున సిమెంటు దుకాణములో పని చేయుచు, పెండ్లి ముహూర్తముల దినములలో సెలవు పెట్టి డోలు వాయించుచున్నాడు. గడచిన నెలలో తన ఎనిమిదేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చెను. ఆ హార్మోనియము ఇంకను బీరువాలోనే యున్నదా యని అడిగెను. ఉన్నదంటిమి. తిత్తి మార్పించుటకు పట్టణమునకు పంపితిమి. పది దినములలో తిరిగి వచ్చినది. బీరువా తాళపుచెవి ఇప్పుడు బడి పంతులమ్మ గారి వద్ద కలదు.