ముందు ఏ పని?

అక్కలారా, చెల్లెళ్లారా!

ఊరికి పనులు చాలా. పైసలు కొన్నే. ముందు ఏ పనో గ్రామసభలో తేల్చాలి.

2014లో ‘మన ఊరు - మన ప్రణాళిక’ అని ఊరూరా సభలు పెట్టారు. అవసరాలు వరుసగా రాశారు. 2015 ఆగస్టు 17న వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో గ్రామజ్యోతి మొదలైంది. ఊరికి ఏడు కమిటీలన్నారు. గంగదేవిపల్లికి ఇది కొత్త కాదు. అక్కడ అంతకుముందే పనికో కమిటీ ఉంది.

తరిగొప్పుల 2016లో మండలమైంది. ఇక్కడ సభ జరిగితే ఒకరు రోడ్డు ముందంటారు. ఒకరు కమాను ముందంటారు. కమాను ఊరికి అందమే. కానీ మోరీ నిండి, దోమలు లేచి, పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకునేది ఎవరు? ఆ మాట మీరే చెప్పాలి.

వెనక తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వేసి వచ్చేవారు. ఇప్పుడు చదువు వచ్చింది. మొదటి వరుసలో ఏ పని రాశారో చదవండి. మోరీ లేకుంటే రాయమనండి. తర్వాతే సంతకం.