స్కానింగులో ఏమీ లేదంటే నొప్పి లేదని కాదు



ఈ ఏడు మేము పొదుపు లెక్కతో పాటు ఒక నొప్పి లెక్క కూడా రాశాము. మా సంఘంలో 29 ఏళ్ల చెల్లెలికి రెండేళ్లుగా పొత్తికడుపు నొప్పి. స్కానింగు, రక్తం, మూత్రం పరీక్షలు అన్నీ నార్మల్ అన్నారు. ఇంట్లోవాళ్లు పని తప్పించుకోడానికి నాటకమన్నారు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేస్తే సరిపోతుందన్నారట. ఆపరేషనుకు 40 వేలు అప్పు అడిగింది.

సంతకాలు పెట్టబోయి ఆగాము. జబ్బు పేరే తేలకుండా గర్భసంచి ఎందుకు తీయాలి? ఈ ఆపరేషన్లలో మన రెండు తెలుగు రాష్ట్రాలే దేశంలో ముందున్నాయి. చిన్న వయసులో తీయించుకుని ఒంట్లో ఆవిర్లు, నడుం నొప్పులతో బాధపడేవాళ్లు మన వీధిలోనే ఉన్నారు కదా.

నెలసరి తేదీలు, నొప్పి ఎప్పుడు, ఎంత, మూత్రానికి వెళ్లినప్పుడా, భర్తతో ఉన్నప్పుడా, అన్నీ మూడు నెలలు నోటుబుక్కులో రాయించాము. ఇద్దరం తోడుగా పెద్ద సర్కారు ఆసుపత్రికి పోయాము. డాక్టరమ్మ ఆ పుస్తకం చూసి, ఎండోమెట్రియోసిస్ కావచ్చన్నారు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరుగుతుందట, మామూలు స్కానింగులో చాలాసార్లు కనబడదట. మాత్రలు ఇచ్చారు. నొప్పి సగం తగ్గింది. పూర్తి జవాబు ఇంకా రాలేదు. తగ్గకపోతే లాప్రోస్కోపీ చేసి చూస్తామన్నారు.

అందుకే తీర్మానం చేసుకున్నాము. రెండో డాక్టరు మాట వినకుండా గర్భసంచి ఆపరేషనుకు అప్పు లేదు. క్యాన్సరు, ఆగని రక్తస్రావం లాంటి వాటికి ఇది అడ్డం కాదు. పరీక్షలకు, దారి ఖర్చులకు మాత్రం అడిగిన రోజే అప్పు, తోడుగా ఇద్దరం.

మీ సంఘంలో ఎవరైనా నొప్పి అంటే ముందు నమ్మండి. సెలవు.