ఇద్దరు కూర్చుంటే చాలు

(ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. వారి కోరికపై పేరు ప్రచురించడం లేదు.)



ఇంతవరకు పెద్దలు దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి చెప్పారు. నన్ను తాగుడు గురించి చెప్పమన్నారు. అందులో నాకున్న అర్హత మీ అందరికీ తెలుసు. అప్పట్లో పాల బిల్లు చేతికిచ్చేవారు. బిల్లు అందిన సాయంత్రం నేను తిన్నగా ఇంటికి వెళ్ళిన రోజు లేదు. అది చాలక పాలలో నీళ్ళు కలిపాను. పరీక్షలో దొరికిపోయి, అందరి ముందూ క్యాను వెనక్కి తీసుకుపోయాను. చివరకు మా ఇంటావిడ ఊళ్ళో లేనప్పుడు, ఆమె పుట్టింటివారిచ్చిన చూడి గేదెను అమ్మేశాను.

మానలేదా అంటే, చాలాసార్లు మానాను. మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాను. పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఆ ఒట్టు అబద్ధం కాదండీ. పొద్దున వేసినప్పుడు నిజమే. సాయంత్రమయ్యేసరికి దానికి తోడు ఎవరూ ఉండరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆసుపత్రిలో నాకు వైద్యం చేసిన డాక్టరుగారు, మందులతో పాటు వారం వారం ఏ.ఏ. సమావేశానికి వెళ్ళమన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అని దాని పూర్తి పేరు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక షేర్ల దళారి, ఒక శస్త్రవైద్యుడు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుకు బానిసలే. ఒకరి బాధ ఒకరితో చెప్పుకుంటుంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గ్రహించారు. అదే ఈ సంఘానికి పునాది.

మొదటిసారి నేను గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేశాను. తెలిసినవాళ్ళెవరైనా చూస్తే పరువు పోతుందని భయం. బస్సులో కూర్చున్నాక నవ్వొచ్చింది. పరువు పాలకేంద్రం దగ్గరే పోయింది కదా! మరుసటి వారం లోపలికి వెళ్ళాను.

అక్కడ పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. రుసుము లేదు, హాజరు పట్టీ లేదు. కులం, మతం, ఆస్తి అడగలేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలన్నారు. ఒక్కొక్కరూ తన సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, నీతులు చెప్పరు. మాట్లాడడం ఇష్టం లేకపోతే ఊరికే వినవచ్చు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. లేచేముందు ఒక పెద్దాయన తన ఫోను నంబరు రాసిచ్చి, "తాగాలనిపిస్తే తాగిన తరువాత కాదు, ముందే ఫోను చెయ్యి" అన్నాడు. జన్మంతా మానాలని ఆలోచించవద్దు, ఈ ఒక్క రోజు మానమన్నాడు. గేదెకు ఏ పూట మేత ఆ పూట వేసినట్టే.

మూడో నెలలో ఒక పెళ్ళిలో తప్పాను. మళ్ళీ అక్కడికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అయినా వెళ్ళాను. ఎవరూ మందలించలేదు, కుర్చీ జరిపి కూర్చోమన్నారు. ఆ రోజు వెళ్ళకపోయి ఉంటే ఈ రోజు మీ ముందు నిలబడేవాణ్ణి కాదు.

ఇక ఎలా వెళ్ళాలో చెబుతాను. 14446కు ఫోను చేయండి. వ్యసన విముక్తికి ప్రభుత్వం పెట్టిన నంబరు అది, డబ్బు పడదు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల విభాగంలోనూ అడగవచ్చు. సమావేశం తెలుగులో జరుగుతుందా, ఏ వారం, ఎన్ని గంటలకు అని ముందే కనుక్కుని బస్సెక్కండి. కొన్ని సమావేశాలకు ఇంటివారు కూడా రావచ్చు, కొన్ని తాగుడు మానదలచినవారికే. ఫోనులో చూస్తూ పాల్గొనేవి కూడా ఉన్నాయి. ఒకచోట నచ్చకపోతే మరొకచోటికి వెళ్ళండి. ఇంటివారి కోసం ఆల్-ఆనాన్ అని 1951లో వేరే సంఘం ఏర్పడింది. ఆయన మానినా మానకపోయినా, అక్కచెల్లెళ్ళు అక్కడికి వెళ్ళవచ్చు.

రెండు హెచ్చరికలు. ఏళ్ళ తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ముందు డాక్టరుకు చూపించండి. రెండోది, తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడిని కూరలో రహస్యంగా కలపకండి. అటువంటి మందు పడ్డాక తాగితే గుండెకే ప్రమాదం.

ఆఖరుగా పాలకవర్గానికి ఒక మనవి. ఇద్దరు ముగ్గురు కూడితే చాలు, అది ఒక సమావేశమే. ఆదివారం మధ్యాహ్నం మన పాలకేంద్రం గది ఖాళీగా ఉంటుంది. ఆ గదిని మాకు ఇప్పించండి. ఉచితంగా వద్దు, అద్దె మేమే ఇచ్చుకుంటాం, అది మా పద్ధతి. వచ్చే ఆదివారం నుంచి మూడు గంటలకు నేను అక్కడే కూర్చుని ఉంటాను. ఒకణ్ణి నేనున్నాను. రెండోవారు వస్తే చాలు.